దప్పిక కాచిన యడవి

సింగపూరు ద్వీపమున మిక్కిలి యున్నతమైన శిఖరము బుకిట్ తీమా. దాని యెత్తు 163 మీటర్లకు గొంచెము మించును. తిరుమల మెట్లెక్కినవారు ఈ సంఖ్య విని చిఱునవ్వు నవ్వినచో తప్పుపట్టుటకు వీలులేదు. బస్సు దిగి తారుబాట పట్టినవాడు అరగంటకే శిఖరమున నిలువవచ్చును. అయినను కొండను అట్లు వాకిటనుండి పలుకరించి వచ్చుటకంటె, తూర్పున మెక్‌రిచీ సరస్సు కట్టకడ తెల్లవాఱుజామున బయలుదేఱి, నీటియంచు వెంటను, అడవి నడుమను, వ్రేలాడు వంతెనమీదుగను నడచి, మిట్టమధ్యాహ్నమునకు శిఖరము చేరుట మేలని నా మతము. ఈ త్రోవను పోయినగాని ఆ కొండ యీ నగరమధ్యమున నేటివఱకు ఎట్లు మిగిలినదో బోధపడదు.

మెక్‌రిచీ సరస్సు దైవనిర్మితము కాదు. 1857లో తాన్ కిమ్ సెంగ్ అను చీనా వర్తకుడు, పట్టణవాసులు మంచినీటికి పడుచున్న యిక్కట్టులు చూచి, నీటి పథకమునకై 13,000 డాలర్లు దానము చేసెను. కట్ట 1860 దశకము చివరకు లేచినది. కాని నీటిని తోడు యంత్రములును, ఊరిలోనికి గొనిపోవు గొట్టములును సమకూడక 1878 వఱకు పట్టణమునకు నీరు చేరలేదు. దాత 1864లోనే గతించెను. 1882లో పురపాలకులాయన పేర నొక ఫౌంటెను కట్టించిరి. బ్రదికియుండగా చూపజాలని ధారను స్మారకముగా చూపుట ప్రభుత్వములకు ఎల్లయెడలను అలవాటే. సరస్సును తరువాత విస్తరింపజేసిన ఇంజనీరు జేమ్స్ మెక్‌రిచీ పేరు దానికి 1922లో వచ్చినది.

ఆ కాలమున ద్వీపమందలి యడవి యంతయు దాదాపు నశించియుండెను. చీనా కృషీవలులు మిరియపుతీగెలతోపాటు గంబీరు అను మొక్క తోటలను వేసి, ఆ గంబీరు ఆకును కాచుటకై చుట్టుపట్ల చెట్లను నఱకి పొయ్యిలో పెట్టి, నేల సారము తఱిగినంతనే వేఱొక అడవిని వెదకికొని పోవుచుండిరి. 1883లో ఉద్యానాధికారి నథానియెల్ కాంట్లీ యిచ్చిన నివేదిక ఈ వినాశమునే వర్ణించినది. అప్పుడే బుకిట్ తీమా రక్షితారణ్యమైనది. కాని సరస్సుల చుట్టునున్న వనము నిలుచుటకు కారణము వృక్షప్రేమ యని నేను నమ్మను. చెట్టు పోయినచోట మట్టి కొట్టుకొనివచ్చి సరస్సును పూడ్చును. మనుష్యుడు కాపురమున్నచోట నీరు చెడును. కనుక నగరము తన దప్పికకు భయపడి యడవి జోలికి పోలేదు. 1910లో పీర్స్ సరస్సు, పిదప సెలెటార్, 1975లో ఎగువ పీర్స్ వచ్చినకొలది ఆ భయమే విస్తరించి, నేడు రెండువేల హెక్టారులకు పైబడిన వనమైనది.

కట్ట దాటిన కొంతసేపటికి బాట చెక్కవంతెనయై నీటిపైనే సాగును. ఉదయపు టెండ సోకని యా వేళ నీరు నలుపెక్కి, ఒరిగిన కొమ్మల నీడలను తనలో ధరించి, అప్పుడప్పుడొక తాబేలు తలయెత్తునప్పుడు మాత్రమే కదలును. తరువాత త్రోవ నీటిని విడిచి యడవిలోనికి చొచ్చును. అచ్చట వేళ్లే మెట్లు. ఆకులు రాలి కుళ్లిన మెత్తని నేల. గాలి యాడక తడిసిన వస్త్రము దేహమునకంటుకొనియుండును. కోతులకు తిండి పెట్టరాదని పలకలు పదేపదే హెచ్చరించును. ఆంజనేయునికి అరటిపండిచ్చి యలవాటుపడిన మనబోంట్లకు కొంత నిగ్రహము కావలసిన చోటిది. కోతి కానరాకున్నను, రెండు చీలికల పొడవు తోకతో ఏట్రింత యొకటి కొమ్మనుండి కొమ్మకు దూకి కొంతదూరము తోడువచ్చును.

పీర్స్, కలాంగ్ అను రెండు గుట్టలను కలుపుచు 2004లో వేసిన వ్రేలాడువంతెన నిడివి 250 మీటర్లు. అత్యున్నత స్థానమున నేల 25 మీటర్ల క్రిందనుండును. ఒకరి వెనుక నొకరు, ఒక్క దిక్కునకే నడువవలెను. క్రింద నుండి చూచినప్పుడు కంబములవలె దోచిన చెట్లు ఇక్కడ శిరస్సులు చూపును. వాని మీదుగా దూరమున ఎగువ పీర్స్ జలములు మెఱయును. ఈ త్రోవయందు నేనెక్కువసేపు నిలిచిన స్థలమిదియే. శిఖరముకంటె నిదియే యెత్తని యనిపించును, అది యసత్యమైనను.

అచ్చటనుండి పడమరకు రైఫిల్ రేంజ్ వీథి ప్రక్కగా సాగు దారి ఓపిక నడుగునే కాని కన్నులకేమియు నీయదు. ఇంతలో మోటారుల హోరు వినవచ్చును. 1986లో నిర్మించిన రాజమార్గము సరస్సుల యడవిని కొండ యడవినుండి విడదీసినది. ఆ గాయము మాన్పుటకు 2013లో దానిపై 62 మీటర్ల వంతెన వేసి, మట్టి పోసి, చెట్లు నాటిరి. అది యలుగులకును, పునుగులకును, ఉడుతలకును; మనకు ప్రవేశము లేదు. ఇప్పుడు రైలుమార్గమొకటి ఈ వనము క్రిందుగా, 70 మీటర్ల లోతున పోవునని నిశ్చయించిరి. పైన తెగనఱికిన తరమునకును, క్రిందుగా నొదిగిపోవు తరమునకును నడుమ కొంత వివేకము కలిగినదని యొప్పుకొనవలెను.

కొండ మొదలైనంతనే వృక్షజాతి మాఱును. గట్టులపై సెరయా వృక్షములు నిటారుగా నిలిచియుండును. 1854లో ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ రసెల్ వాలెస్ ఇచ్చటి ఫ్రెంచి మతగురువుల యింట విడిసి, రెండు నెలలలో 700 జాతుల పెంకుపురుగులను కూర్చుకొనెను. పులులకై త్రవ్వి కొమ్మలు కప్పిన గోతులలో పడకుండ నడచుట యాయనకు నిత్యకృత్యమట. ఆనాటి ద్వీపపు బాటలు వేసినవారు భారతదేశమునుండి ఓడలకెక్కించి తెచ్చిన ఖైదీలు. మద్రాసు రాజధానినుండి వచ్చిన సంకెళ్లలో మన సీమలవారివియు నుండక మానవు.

శిఖరమున ఎత్తు చెక్కిన బండ, దాని ముందు ఛాయాచిత్రమునకై వరుస, వెనుక ప్రసారస్తంభము. దృశ్యమును చెట్లు కప్పివేసినవి. చూడదగినది దిగునప్పుడు దొరకును. ఈ కొండ గ్రానైటు; నగరపు వీథులకును భవనములకును కావలసిన రాయి కొఱకు నలుదెసల నుండి దీనిని తొలిచిరి. పాదమునందలి హిండ్‌హీడ్ గని మూతపడిన పిదప వాననీరు నిండి, నిలువుగోడల నడుమ పచ్చని మడుగైనది. పట్టణము దాహమునకు సరస్సులు కట్టి యడవిని నిలిపినది. రాతి యాశకు కొండను త్రవ్వి, కోరని సరస్సును పొందినది.

నీరు చాలనినాడేమగునో యీ కొండపాదముననే తేలినది. 1942 జనవరి 31న జపాను సేనల నాపుటకై బ్రిటిషువారు ద్వీపమును మలయాతో కలుపు జొహోరు సేతువును పేల్చినప్పుడు దానిపై వచ్చు నీటిగొట్టమును తెగినది. ఫిబ్రవరిలో సరస్సులు జపానువారి వశమైనవి. 15వ తేదీన సమీపముననే ఫోర్డు కర్మాగారమున లొంగుబాటు పత్రముపై సంతకములైనవి. నేడు, జొహోరుతో 1962లో చేసికొనిన యొడంబడిక ననుసరించి 2061 వఱకు జొహోరు నదినుండి దినమునకు 25 కోట్ల గ్యాలనుల వఱకు నీరు తెచ్చుకొనవచ్చును. తక్కినది వాననీరు, శుద్ధిచేసిన వాడుకనీరు, ఉప్పు తీసిన సముద్రపునీరు. గని చూచి దిగివచ్చి, మేమందఱము కొళాయి క్రింద దోసిళ్లు పట్టితిమి. ఆ నాలుగింటిలో మా దోసిట పడినదేదో యడుగుటకెవరికిని తీరికలేదు.