ఇన్నేళ్ళు చెప్పని మాట

పోయిన నెల మా కోడలికి సీమంతం చేసినాము. గాజులు తొడిగి, చిత్రాన్నాలు వడ్డించి అందరూ నవ్వుతుంటే మా ఇంటావిడ మాత్రం వంటింట్లో ఏడుస్తా కూర్చుని ఉండింది. అడిగితే 1989లో తన కాన్పు సంగతి చెప్పింది.

నొప్పులకు అరిచినందుకు లోపల తొడ మీద కొట్టినారంట. "అప్పో ఇనిచ్చుదు, ఇప్పో కసక్కుదా?" అని ఆయమ్మ అంటే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వినారంట. ఈ మాటను తెలుగులో రాయడానికి మాకు చెయ్యి రాలేదు. మత్తు సూది పని చేయకముందే కుట్లు వేసినారంట. మేము అప్పుడు బయట బెంచీ మీద ఫ్లాస్కు పట్టుకుని కూర్చుని ఉన్నాము. మగబిడ్డ అనగానే ఆ ఆయమ్మకే యాభై రూపాయలు ఇచ్చి, చాక్లెట్లు పంచినాము.

ఆ తర్వాత రెండో బిడ్డ వద్దంటే వద్దనింది. రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేచేది. బస్సు ఆ ఆస్పత్రి వీధిలో పోతే కళ్ళు మూసుకునేది. మా అమ్మ గాలి సోకిందని తాయెత్తు కట్టించింది. మేము మొండితనం అనుకున్నాము. కాన్పులో పడిన భయం, అవమానం ఏళ్ళ తరబడి మనసులో ఉండిపోవచ్చని, దానికి వైద్యం ఉందని ఇప్పుడు కోడలు చెప్తే తెలిసింది.

కాన్పు గదిలో తిట్టడం, కొట్టడం హక్కుల ఉల్లంఘన అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే ప్రకటించింది. 2017లో కేంద్రం తెచ్చిన లక్ష్య పథకంలో ప్రభుత్వ ఆస్పత్రి కాన్పు గదిలో తోడుగా ఒకరు ఉండొచ్చని ఉంది.

ఎవరు కావాలమ్మా అంటే కోడలు అత్తనే అడిగింది. ఇంటావిడ ఇంకా సరే అనలేదు. ఆ గది గడప తొక్కగలనో లేదో అంటా ఉంది.