మెలికల ముగ్గులో అమ్మాయి ఇల్లు

మా అమ్మాయి ఇల్లు కదల్లేదు. ఈ ఒక్క సంగతీ ముందు గుర్తు పెట్టుకున్నారంటే నేను చెప్పబోయేది సులువుగా బోధపడుతుంది. అమెరికాలో జార్జియా రాష్ట్రం, అట్లాంటాకి ఉత్తరాన జాన్స్ క్రీక్ అని ఓ ఊరు. అక్కడ ఓ సందు చివర ఇల్లు. గుమ్మం ముందు నేను నాటిన కరివేపాకు మొక్క చలికాలం రాగానే కుండీతో సహా లోపలికి వస్తుంది. ఆ ఇంట్లో కదిలేది అదొక్కటే.

ఇల్లు కదలకపోయినా, ఆ ఇంటికి ఓటు అడిగే మనిషి మాత్రం మారుతూనే ఉన్నారు. వాళ్ళ రాష్ట్ర సెనేట్ గురించి చెబుతున్నాను. సెనేట్ అనగానే వాషింగ్టన్‌లో ఉండే పెద్ద సెనేట్ అనుకునేరు, అది వేరు. జార్జియాకి తన శాసనసభ తనకుంది. కింది సభలో 180 మంది, పై సభలో 56 మంది. మనకీ శాసనమండలి ఉందిగా, 1985లో ఎత్తేసి 2007లో మళ్ళీ పెట్టారు. ఇంచుమించు అలాంటిదే గాని, అక్కడ ఆ 56 మందినీ జనమే నేరుగా ఎన్నుకుంటారు, అదీ రెండేళ్ళకోసారి. మా అమ్మాయి ఇల్లు 48వ నియోజకవర్గంలో పడింది.

ఆ స్థానంలో డేవిడ్ షేఫర్ అనే రిపబ్లికన్ 2002లో వచ్చి కూచుంటే 16 ఏళ్ళకు పైగా ఆయనదే. 2018లో లెఫ్టినెంట్ గవర్నరు పదవి మీద మనసుపడి ఈ కుర్చీ వదిలేశారు. ఆ పదవీ రాలేదు, సొంత పార్టీ పోటీలోనే తప్పిపోయింది. ఖాళీ అయిన చోట జారా కారిన్షాక్ అనే డెమొక్రాటు, ఒకప్పుడు వైమానిక దళంలో పనిచేసిన లాయరమ్మ, మాట్ రీవ్స్ అనే ఆయన్ని ఓడించి గెలిచింది. మా అమ్మాయికి అక్కడి పౌరసత్వం వచ్చాక వేసిన మొదటి ఓటు అదే. నేనప్పుడు అక్కడే ఉన్నాను. వేలి మీద సిరా చుక్క ఏదే అని అడిగితే, పీచ్ పండు బొమ్మ ఉన్న స్టిక్కరు చూపించింది. జార్జియాలో ఓటేసిన వాళ్ళకి అదిస్తారట. సబ్బు పెడితే పోయేదాన్ని ఏం నమ్ముతాం అన్నారు మావారు.

కారిన్షాక్ గారు రెండేళ్ళకే పార్లమెంటుకి పోదామని బయల్దేరి, ఆవిడా పార్టీలోపలి పోటీలోనే ఆగిపోయింది. 2020లో మిషెల్ ఆవ్ అనే డాక్టరు నిలబడింది. ఆపరేషన్లప్పుడు మత్తుమందిచ్చే డాక్టరు, చైనా నుంచి వలసవచ్చిన దంపతుల కూతురు. ఎదుటివైపు మళ్ళీ మాట్ రీవ్సే, పాపం మళ్ళీ ఓడారు. అది కరోనా కాలం, మేం వెళ్ళలేకపోయాం. ఫోన్లో వినడమే. బడిలో ఉపన్యాసం పోటీకి కూడా పేరివ్వని మా అమ్మాయి, రాత్రి అంట్లు తోముకున్నాక ముక్కూ మొహం తెలియని వాళ్ళకి ఫోన్లు చేసి ఆ డాక్టరమ్మకి ఓటెయ్యమని అడిగిందట. గెలిచిన రోజున దాని గొంతు నాకింకా చెవుల్లో ఉంది.

ఆ డాక్టరమ్మ 2021 మార్చి 15న సభలో లేచి, ఆసియా వాళ్ళ మీద దౌర్జన్యాలు పెరుగుతున్నాయి, పట్టించుకోండి అని మాట్లాడింది. మర్నాడే అట్లాంటా ప్రాంతంలో ఒకడు తుపాకీతో ఎనిమిది మందిని చంపాడు. వాళ్ళలో ఆరుగురు ఆసియా మూలాల స్త్రీలు. మా అమ్మాయి ఆ వారమంతా ఫోన్లో ఎక్కువ మాట్లాడలేదు.

ఇక ముగ్గు సంగతి. పదేళ్ళకోసారి జనాభా లెక్కలయ్యాక నియోజకవర్గాల గీతలు మళ్ళీ గీస్తారు. మన దేశంలో దానికి వేరే కమిషన్ వేస్తారు. 2009 ఎన్నికలకి ముందు అలా గీస్తేనే మా పుట్టింటి ఊరు లేచివెళ్ళి పక్క నియోజకవర్గంలో పడింది. జార్జియాలో ఆ గీతలు గీసేది ఆ సభల్లో కూచున్నవాళ్ళే! ఎవరికి మెజారిటీ ఉంటే పెన్సిలు వాళ్ళ చేతిలో. వేరే రాష్ట్రాల్లో రెండో పార్టీ చేతికి పెన్సిలొస్తే వాళ్ళూ అదే పని చేస్తారు, అందులో ఎవరికీ మొహమాటం లేదు. మెలికల ముగ్గు పెట్టే మనకి చెప్పాలా? చుక్కలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఏ చుక్కని లోపలికి తీసుకోవాలి, దేన్ని బయట వదలాలి అన్నది ముగ్గు గీసే చేతిలో ఉంది.

2021 చివర్న గీసిన ముగ్గులో 48కి గ్విన్నెట్ కౌంటీ వైపు కొంత జారిపోయి, ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీ దక్షిణ భాగం వచ్చి చేరింది. ఈ ఫోర్సైత్‌ది పెద్ద కథ. 1912లో అక్కడి నల్లవాళ్ళని, వెయ్యి మందికి పైగా ఉంటారు, ఇళ్ళూ పొలాలూ వదిలించి తరిమేశారు. ఎన్నో దశాబ్దాలపాటు వాళ్ళనక్కడ మసలనివ్వలేదు. 1987లో ఆ అన్యాయాన్ని ఎత్తిచూపుతూ వేలమంది ఊరేగింపుగా వెళ్ళారు. 1990లో 44 వేల జనాభా ఉన్న ఆ కౌంటీ 2020 నాటికి రెండున్నర లక్షలయింది. అందులో మనవాళ్ళు బోలెడు. గోంగూర కట్ట కోసం నేను వెళ్ళే కొట్టు అటువైపే, అక్కడ బిల్లు వేసే అమ్మాయి దాకా అందరూ తెలుగే.

"అయితే మనవాళ్ళు కలిశారు, ఇంకా మంచిదేగా?" అన్నాను. మా అమ్మాయి నవ్వింది. మనవాళ్ళంతా ఒక పార్టీయే అని ఎవరన్నారమ్మా, అయినా మనతోపాటు కలిసినవాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారుగా, అంది. డాక్టరమ్మ లెక్కచూసుకుని 2022లో కింది సభకి పోటీచేసి గెలిచింది. తమాషా ఏమిటంటే, రెండుసార్లు ఓడిన ఆ మాట్ రీవ్స్ కూడా అదే యేడు కింది సభకే గెలిచారు. 48లో షాన్ స్టిల్ అనే రిపబ్లికన్ నెగ్గారు. 2020 అధ్యక్ష ఎన్నికల గొడవ మీద 2023లో ట్రంపుతోసహా 19 మంది మీద కేసు పెట్టినప్పుడు, ఆ 19 మందిలో ఈ స్టిల్ గారూ ఉన్నారు, పాత సెనేటరు షేఫర్ గారూ ఉన్నారు. ఒకే కుర్చీలో ముందూ వెనకా కూచున్నవాళ్ళు! ఆ కేసు 2025 నవంబరులో కొట్టేశారు, అది వేరే సంగతి.

2024లో మేం మళ్ళీ వెళ్ళాం. స్టిల్ గారి మీద అశ్విన్ రామస్వామి అనే పాతికేళ్ళ భారతసంతతి కుర్రాడు నిలబడ్డాడు. మా అమ్మాయి మాత్రం కదల్లేదు. మూడు వారాలు ముందస్తు ఓటింగు గడిచిపోయింది. నవంబరు 5 సాయంత్రం నాలుగైంది, అది లాప్‌టాప్ ముందే ఉంది.

"గీత గీసినవాళ్ళు ముందే గెలిచేశారమ్మా. నా ఒక్క ఓటు దేనికి?"

నాకు ఒళ్ళు మండింది. 1983లో పెళ్ళయిన కొత్తలో, జరీచీర కట్టుకుని జీవితంలో మొదటిసారి ఓటెయ్యడానికి వెళితే, "మీ ఓటు పడిపోయిందమ్మా" అన్నారు బల్ల దగ్గర. నా పేరు మీద ఇంకెవరో వేసేశారు. తల దించుకుని ఇంటికొచ్చి పెరట్లో ఏడిచాను. మా మామగారు చూశారు, ఏమీ అనలేదు. ఆ తరవాత ఎన్నికకి తెల్లారకుండానే నన్ను లేపి, కాఫీ ఇచ్చి, లాంతరు పట్టుకుని తీసుకెళ్ళి వరసలో మొట్టమొదట నిలబెట్టారు.

ఇదంతా దానికెప్పుడూ చెప్పలేదు. ఆ వేళ చెప్పాను, కొంచెం గట్టిగానే. నాకిక్కడ ఓటు లేదే, ఉంటే నిన్ను బతిమాలేదాన్ని కాదు అని కూడా అన్నాను. అది కాసేపు ఊరుకుని, కారు తాళాలు తీసుకుని వెళ్ళింది. అక్కడ ఏడింటికి తలుపులు మూస్తారు. మావారు గడియారం చూడ్డం, నేను కిటికీలోంచి చూడ్డం. ఏడూ ఇరవైకి వచ్చింది.

ఆ రాత్రి స్టిల్ గారే మళ్ళీ గెలిచినట్టు తేలింది. అది టీవీ కట్టేసి వంటింట్లోకి వచ్చి, "పెరుగన్నం ఉందా అమ్మా?" అంది. కలిపి పెట్టాను. తింటూ తింటూ చొక్కాకున్న పీచ్ పండు స్టిక్కరు ఊడదీసి నా పాస్‌పోర్టు అట్టమీద అంటించింది. హైదరాబాదులో దిగినప్పుడు కౌంటరు దగ్గర కుర్రాడు ఇదేమిటండీ అనడిగాడు. ఒక అంచు లేచింది గాని, ఇంకా ఉంది.