కడీలు, గోళెం, కాస్త ఎండ

హైదరాబాదు చూడవచ్చినవారు చార్మినారు, గోలకొండ, సాలార్‌జంగ్ మ్యూజియం చూసి రైలెక్కుతారు. ఉత్తరాన ఉన్న మేడ్చల్‌కు పనిగట్టుకొని వెళ్ళేవారు తక్కువ. షామీర్‌పేట వెళ్ళినవారు కూడా నిజాముల కాలంనాటి ఆ పెద్ద చెరువు గట్టున నిలబడి ఫోటో తీయించుకొని తిరిగి వస్తారు. నన్ను అటు లాగినవి మాత్రం రాతి కడీలు.

ఒకప్పుడు ఈ ప్రాంతం ద్రాక్షకు పేరుపడ్డది. అనాబెషాహి తీగలు పాకిన పందిళ్ళను మోసింది ఈ కడీలే. అవుటర్ రింగు రోడ్డు వచ్చాక చాలా తోటలు ఇళ్ళస్థలాలైనాయి. పందిళ్ళు పోయినా, కడీలు కంచెలకూ గేదెలను కట్టడానికీ మిగిలాయి.

2023లో మేడ్చల్ దాకా ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు మొదలైనాయి. పొద్దున్నే దిగి నడిస్తే ఎండ ఏటవాలుగా పడుతూ ఉంటుంది. అప్పుడు చూడాలి కడీని! బండను చీల్చడానికి వరసగా కొట్టిన ఉలిగుంటలు అంచు పొడవునా సగం సగం కనిపిస్తాయి. ఒక్కొక్క గుంటలో చిటికెడు నీడ. మధ్యాహ్నమైతే ఆ నీడలుండవు. అదే కడీ వట్టి రాయిగా మిగులుతుంది.

సికింద్రాబాదులో స్టూడియో నడిపిన రాజా దీన్‌దయాళ్ (1844-1905) ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడు. మహళ్ళు, ప్రభువులు, వేటలు ఆయన కెమేరాకు ఎక్కాయి. 1930లో అమెరికాలో ఎడ్వర్డ్ వెస్టన్ ఒక బుడ్డమిరపకాయను రేకుగరాటులో నిలబెట్టి తీసిన ఫోటో లోకమంతా పేరు పొందింది. మన భరత్ భూషణ్, 2022లో కన్నుమూసేదాకా, తెలంగాణ పల్లె బతుకునూ బతుకమ్మనూ కెమేరాలో నింపుకున్నాడు. చూసే కన్నుంటే మహలూ మిరపకాయా ఒకటేనన్నమాట.

మధ్యాహ్నం దాటాక షామీర్‌పేట చేరాను. ఒక పాత పెంకుటింటి ముందు అంచు పగిలిన గోళెం ఉంది. నేను దాని ముందు గొంతుకూర్చుని ఫోటో తీస్తూంటే ఇంటి పెద్దమ్మ బయటికి వచ్చింది.

“గోళెంల ఏమున్నదని తీస్తున్నవు బిడ్డా?”

తీసినది చూపించాను. పక్కనుంచి పడిన ఎండలో గోళెం పొట్ట నున్నగా మెరుస్తున్నది. ఆమె చాలాసేపు చూసింది.

“మా అత్త కాలంది. దసర తర్వాత ఇల్లు కూలగొడ్తున్నరు. నా కొడుకు మేడ కడ్తడు. గీ కడప గూడ తియ్యి. పెండ్లయి వచ్చిన కాణ్ణుంచి పసుపు రాసిన.”

నడిమధ్యలో పాదాలకు అరిగి, అంచుల్లో పసుపు ఇంకిన కడప అది. తీశాను. ఆ వారమే అచ్చు వేయించి ఆమె చేతికిచ్చి వచ్చాను. చీరకొంగుతో తుడిచి, దేవుడి గూట్లో పెట్టింది.

మీరూ అటు వెళ్తే కెమేరాయే కావాలని లేదు, చేతిలోని ఫోను చాలు. పొద్దున గాని, నాలుగు దాటాక గాని వెళ్ళండి. ఇంటివారిని అడిగి తీయండి. తీసినది వారికి చూపించండి. ఆ తరువాత ఏది తీయాలో వాళ్ళే చెబుతారు.