పేర్లు పడేవేళ

మా నస్పూర్‌లో మగవాళ్లు ఏం పని చేస్తారో చెప్పడానికి ఒక్క మాట చాలు. "బాయికి పోతడు" అంటే సరి. ఫస్టు షిఫ్టా, సెకండు షిఫ్టా, నైటు షిఫ్టా అన్నదొక్కటే తేడా. మావారు ముప్పయ్యొక్క ఏళ్లు సింగరేణిలో అలాగే వెళ్లి, అలాగే వచ్చి రిటైరయ్యారు. అందుకేనేమో, మా అమ్మాయి ఉద్యోగం సంగతి అడిగితే నాకు నోట మాట రాదు.

మొన్న పక్కింటావిడ ఒక సంబంధం తెచ్చింది. పిల్లవాడి తల్లి ఫోనులో తీరుబడిగా అడిగింది.

"టీవీల అంటే ఏం పని వదినా? తెర మీద కనపడ్తదా?"

"కనపడదు."

"మరేం చేస్తది?"

ఏం చెప్పను చెప్పండి! 2018లో హైదరాబాదు వెళ్లి ఒక సీరియల్‌లో చేరినప్పుడు దాని పని కంటిన్యుటీ. సీరియల్‌లో సీన్లు వరసగా తీయరట. ఒకే హాల్లో జరిగే సీన్లు, నాలుగైదు ఎపిసోడ్లవి, ఒక్కరోజే తీసేస్తారు. కోడలు తలుపు తీయడం ఇవాళ తీస్తే, గడప దాటడం వారం తర్వాత. ఈలోగా చేతి గాజులు మారకూడదు, జడలో పూలు వాడకూడదు. అవన్నీ రాసుకుని, ఫొటోలు తీసుకుని కాపలా కాయాలి. ఎవరి పెళ్లిలో ఎవరు ఏ చీర కట్టారో పదేళ్లయినా మరిచిపోని వాళ్లం మనం. మనకన్నా ఆ పనికి ఎవరు పనికొస్తారు? కానీ అప్పుడు నాకా తెలివి లేదు. "ఇదీ ఒక ఉద్యోగమేనా?" అనేశాను.

పదకొండు నెలలకి రేటింగు పడిపోయిందని ఆ సీరియల్‌ను హడావుడిగా ముగించేశారు. రెండు నెలల జీతం ఇవ్వలేదు. పెట్టె పట్టుకుని ఇంటికొచ్చిన పిల్లతో నేనన్న మాట "బి.ఇడి. చెయ్యవే" అని. అది మారు మాట్లాడకుండా ఎడిటింగ్ నేర్చుకుంది. తర్వాత ఒకచోట కాస్ట్యూమ్స్ చూసింది. ఇంకోచోట వంటల కార్యక్రమానికి కరివేపాకు దగ్గర్నుంచి సమకూర్చింది. (మా ఇంట్లో ఏనాడూ కరివేపాకు దూయలేదు, అది వేరే కథ.) 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి షూటింగులన్నీ ఆగిపోతే, ఎడిటింగ్ వచ్చు గనక మా ముందుగదిలో కూర్చుని పాత ఎపిసోడ్లు కత్తిరించి అతికించింది. ఇప్పుడు ఎవరి డేట్లు ఎప్పుడు, ఏ సీను ఎక్కడ అని షెడ్యూళ్లు వేస్తోంది.

1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన్ మొదలైనప్పుడు టీవీ ఉద్యోగమంటే సర్కారీ నౌకరీ, ఒక ఆర్డరు, ఒక కుర్చీ. 1995లో జెమినీ, ఈటీవీ వచ్చాక పనులు బోలెడు పెరిగాయి గానీ, ఆ కుర్చీ భరోసా పోయింది. దూరదర్శన్‌లో నేను వదలకుండా చూసిన ఋతురాగాలు, తర్వాత జెమినీలో వచ్చిన చక్రవాకం, మొగలిరేకులు, అన్నీ తీసింది మంజులా నాయుడుగారేనని మా అమ్మాయి చెప్పేదాకా నాకు తెలియదు. ఎన్ని వందలసార్లు ఆ పేరు తెర మీద పడి ఉంటుంది! పేర్లు పడే టైముకి నేను పొయ్యి మీద పప్పు చూడ్డానికి లేచేదాన్ని.

"ఒక్క పని మీద నిలవదు, పెళ్లివారికి ఏమని చెప్పను?" అని రాత్రి మావారి దగ్గర ఏడుపు మొహం పెట్టాను.

ఆయన కంచంలోంచి తలెత్తారు. "నేనేమన్న ఒక్కటే పని చేసిన్నా? బదిలీ ఫిల్లర్‌గ జేరిన. తట్టలతోటి బొగ్గెత్తిన. మిషన్లొచ్చినంక ఫిల్లర్ల పని పాయె. టింబర్ పని నేర్సుకున్న. నడుం బోయినంక పంపు కాడ కూసున్న. నువ్వెన్నడన్న అడిగినవా?"

అడగలేదు. టిఫిన్ డబ్బా కట్టడం, గుమ్మంలో ఎదురుచూడడం, అంతే.

ఆ రాత్రి అమ్మాయి పనిచేసే సీరియల్ అయ్యాక ఆయన కుర్చీ ముందుకు లాక్కుని కళ్లద్దాలు పెట్టుకున్నారు. పేర్లు చీమల బారులా పరుగెత్తాయి. "ఆగు, ఆగు" అంటుండగానే బట్టల సబ్బు ప్రకటన వచ్చేసింది.

పొద్దున పిల్లవాడి తల్లికి నేనే ఫోను చేసి, అమ్మాయి చేసిన పనులన్నీ వరసగా చెప్పాను. ఆవిడ ఓపిగ్గానే విని, "మరి వంటెప్పుడు చేస్తది వదినా?" అంది.

ఫోను మావారి చేతికిచ్చేశాను.