అడవికి వెళ్తున్నారా? ముందు సంచి చూపండి!

తిరుపతి ప్రయాణమంటే మనవాళ్ళు వారం ముందునుంచే సర్దుతారు. సకినాలు, పులిహోర, పచ్చడి సీసా, దుప్పట్లు, పిల్లలకు స్వెట్టర్లు అన్నీ పెట్టెలోకి చేరతాయి. దారి పొడుగునా హోటళ్ళూ మందుల షాపులూ వున్న ప్రయాణానికి ఇంత హడావుడి! అదే అడవిలోకి వెళ్ళేటప్పుడు చూడండి. చేతిలో సెల్‌ఫోను, జేబులో బండి తాళం, కాళ్ళకు హవాయి చెప్పులు. "ఏమన్న పట్టుకపోరా" అని తల్లి అంటే, "పొద్దుగాల పోయి పొద్దుమీకి వస్తం గదనే" అని బండి ఎక్కేస్తారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ప్రభుత్వ ఆస్పత్రుల్లో పాతికేళ్ళకు పైగా పనిచేస్తున్న డాక్టర్ని నేను. ఎండాకాలం తునికాకుకు వెళ్ళినవారు, వానాకాలం జలపాతాలు చూడబోయినవారు, పశువుల వెంట వెళ్ళినవారు ట్రాక్టర్లలో, ఆటోల్లో, అంబులెన్సుల్లో మా దగ్గరికి వస్తూనే వుంటారు. వెంట వచ్చినవాళ్ళను నేను అడిగే మొదటి ప్రశ్న, "ఏం జరిగింది?" అని. రెండోది, "అప్పుడు మీ దగ్గర ఏమేం వున్నాయి?" అని. ఈ రెండో ప్రశ్నకు చాలాసార్లు ఒకటే జవాబు: "ఏం లెవ్వు సార్. పొద్దుమీకి ఇంటికొస్తమనుకున్నం."

అలా అనుకున్న సాయంత్రం గురించే ఈవారం చెబుతాను.

రాత్రి అక్కడే వుండిపోతే?

2023 జూలై నెలాఖరులో కుంభవృష్టి కురిసిన రోజుల్లో, ములుగు జిల్లా అడవుల్లోని ముత్యాలధార జలపాతం చూడటానికి వెళ్ళిన ఎనభై మంది దాకా తిరిగి రాలేకపోయారు. వచ్చేటప్పుడు దాటిన వాగు వెళ్ళేటప్పటికి పొంగింది. చీకట్లో, వానలో, అడవిలోనే చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు సహాయక దళం వచ్చి వారిని బయటకు తీసుకొచ్చింది. వాళ్ళలో ఎవరూ రాత్రి అడవిలో గడపాలని వెళ్ళలేదు కదా!

అమెరికాలోని సియాటిల్‌లో కొండలెక్కేవారి సంఘం ఒకటుంది. పేరు 'ది మౌంటెనీర్స్'. 1930 దశకంలో తమ దగ్గర శిక్షణకు వచ్చేవారికి వాళ్ళు పది వస్తువుల పట్టిక ఒకటి తయారుచేశారు. 1974లో అది వారి పుస్తకంలో అచ్చయింది. దేశపటం, దిక్సూచి, నల్లద్దాలు, అదనపు బట్టలు, టార్చి, మందులు, అగ్గిపుల్లలు, నిప్పు రాజేసే సామాను, కత్తి, అదనపు తిండి. ఆ పట్టిక వెనకున్న ప్రశ్నలు మాత్రం రెండే. ప్రమాదం జరిగితే తట్టుకోగలరా? అనుకోకుండా ఒక రాత్రి బయట వుండిపోతే క్షేమంగా గడపగలరా?

మంచుకొండల పట్టికను మన తునికి, మోదుగ అడవులకు వున్నదున్నట్టు దించుకోనక్కర్లేదు. అగ్గిపెట్టెనే తీసుకోండి. ఎండాకాలం ఆకురాలిన మన అడవిలో ఒక్క పుల్ల గీస్తే చాలు, గుట్టంతా అంటుకుంటుంది. రిజర్వు ఫారెస్టులో నిప్పు పెట్టడం నేరం కూడా. కాని ఆ రెండు ప్రశ్నలు మనకూ పనికొస్తాయి. నిజానికి మన గొల్లకురుమలు ఏనాటినుంచో వీటికి జవాబు భుజాన వేసుకునే తిరుగుతున్నారు. గొంగడి కప్పుకుంటే వానా చలీ ఆగుతాయి, పరిస్తే పక్క అవుతుంది. చేతి కట్టె దారి చూపుతుంది, పాముని తప్పిస్తుంది. సొరకాయ బుర్రలో నీళ్ళు, మూటలో రొట్టె. మా ఆస్పత్రిలో పనిచేసిన అటెండరు ఒకాయన, గొర్లకాపరుల ఇంట పుట్టినవాడు, ఒకసారి నాతో అన్నాడు: "సారూ, అడివికి పోయేటోనికి ఇంటికొచ్చే సోయి వుండాలె."

మొదట నీళ్ళు, తర్వాతే బిర్యానీ

మీ ఇంట్లోనో పక్కింట్లోనో చాటలో పెట్టుకుని చుట్టే బీడీ ఆకు ఏప్రిల్, మే నెలల ఎండలో అడవినుంచి వస్తుంది. జగిత్యాల వైపు ఆ రోజుల్లో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. తెల్లవారకముందే వెళ్ళి ఆకు కోసి, యాభై ఆకులొక కట్ట చొప్పున కట్టాలి.

ఒక మే నెలలో నలభై ఏళ్ళ మనిషిని మోసుకొచ్చారు. ముగ్గురు ఆడవాళ్ళకు కలిపి ఒక్క సీసా నీళ్ళు. తొమ్మిది గంటలకే అయిపోయాయి. పదకొండింటికి ఆమె పొంతన లేని మాటలు మాట్లాడి పడిపోయింది. జ్వరం 105 డిగ్రీలు. తోటివాళ్ళు తెలివైనవాళ్ళు. దారిలో చెరువు కనబడగానే చీర కొంగులు తడిపి ఒంటిమీద కప్పి, ఆటోలో విసురుతూనే తెచ్చారు. బతికింది. మరుసటి ఏడు అదే స్థితిలో వచ్చిన ఒక మగమనిషికి దారిలో తడిపే చుక్క కూడా దొరకలేదు. ఆయన దక్కలేదు.

ఎండలో కష్టం చేస్తే గంటకు లీటరు దాకా చెమట పోవచ్చు. కనుక నడిచినంతసేపూ ఇరవై నిమిషాలకొక గ్లాసు చొప్పున తాగాలి. దాహమయ్యాక తాగుదామంటే అప్పటికే ఆలస్యం. పూటకు మనిషికి మూడు లీటర్లకు తగ్గకుండా పట్టుకెళ్ళండి. మూడు కిలోల బరువా అని విసుక్కోకండి. మిమ్మల్ని మోసేవాళ్ళకు అంతకన్నా బరువు!

దాంతోపాటు మనిషికి రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు. లీటరు నీళ్ళకని రాసివున్న పొట్లాన్ని లీటరులోనే కలపండి, గ్లాసులో పోసి తాగకండి. పొట్లం లేకపోతే లీటరు నీటికి చదునుగా ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. ఉప్పు వేసిన సల్ల, అంబలి కూడా మంచివే. గుండెజబ్బు, కిడ్నీ జబ్బు వున్నవారు మాత్రం ఓ.ఆర్.ఎస్. గురించి ముందు తమ డాక్టర్ని అడగాలి. వాగునీళ్ళు తాగక తప్పకపోతే బట్టలో వడగట్టి, క్లోరిన్ బిళ్ళ పొట్లంమీద చెప్పిన లెక్కన వేసి, అరగంట ఆగి తాగండి.

ఎండదెబ్బకు మాట తడబడినా, స్పృహ తప్పినా నోట్లో నీళ్ళు పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడకు చేర్చి ఒళ్ళంతా తడిపి విసరండి.

పాముకాటుకు ఏం పట్టుకెళ్ళాలి?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. బ్లేడు, తాడు సంచిలో పెట్టుకున్నామని చెప్పేవారూ వున్నారు. దయచేసి ఆ రెండూ తీసి పారేయండి.

కాలేజీ కుర్రాళ్ళు ఐదుగురు వాగు ఒడ్డుకు పిక్నిక్ వెళ్ళారు. ఒకడికి పాదంమీద పాము కరిచింది. స్నేహితులు కంగారులో బ్యాగు పట్టీ తీసి పిక్క దగ్గర బిగించారు. మంత్రం వేసేవాడి ఇంటికి ఒక గంట, అక్కడినుంచి మా దగ్గరికి మరో గంట. వచ్చేసరికి పాదం నల్లబడింది. ప్రాణం నిలిచింది గాని రెండు వేళ్ళు తీసెయ్యాల్సి వచ్చింది. రక్తం ఆడకుండా బిగించిన కట్టు కాలిని చంపుతుంది. బ్లేడుతో కోస్తే రక్తపింజరి కాటులో ఆ రక్తం ఆగదు. నోటితో పీలిస్తే విషం రాదు.

పాముకాటుకు కావలసినవి ఇవి. ఒక వెడల్పాటి గుడ్డ, కర్రముక్క: కరిచిన కాలో చెయ్యో కదలకుండా వదులుగా కట్టడానికి. ఒక గడియారం: ఎన్నింటికి కరిచిందో చెప్పడానికి. ఒక వాహనం: ఆస్పత్రికి చేర్చడానికి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు వాపు రాకముందే తీసెయ్యండి. మనిషిని నడిపించకండి. పామును చంపి తేనక్కర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజర, ఈ నాలుగింటికీ ఒకటే ఇంజక్షన్. ప్రభుత్వ ఆస్పత్రుల్లో డబ్బు తీసుకోకుండా ఇస్తారు. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు వుంది. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలూ వచ్చాయి. దూరం తగ్గింది. మంత్రగాడి ఇంటికి తిరిగితే మళ్ళీ పెరుగుతుంది.

ఎర్రతేలు కుడితే పిల్లలకు ప్రమాదం. చెమటలు, వాంతులు, చేతులు కాళ్ళు చల్లబడటం కనిపిస్తే ఆగకండి. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్ళో పనిచేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, ప్రాజోసిన్ అనే చవక బిళ్ళతో ఈ ప్రాణాలు నిలబెట్టవచ్చని 1986లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ బిళ్ళ డాక్టరు చూసి వెయ్యాలి. మీరు కొని సంచిలో పెట్టుకునేది కాదు.

కాటు తప్పించేవి మాత్రం సంచిలో పెట్టుకోండి, ఒంటిమీద వేసుకోండి. మడమ కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు, నిండు చేతుల చొక్కా, చేతికర్ర, టార్చిలైటు. ఫోన్ లైటును నమ్ముకోకండి. దారి కనబడే లోపల బ్యాటరీ అయిపోతుంది, ఆపైన పిలవడానికీ ఫోను వుండదు.

మిగతా సంచి

తువ్వాలు ఒకటి, పెద్దది. తడిపితే తల చల్లన, తేనెటీగలు లేస్తే ముఖం కప్పుకుని పరుగెత్తడానికి, విరిగిన చేతికి ఊయల. పల్చటి ప్లాస్టిక్ పట్టా ఒకటి, రాత్రి వానకు. ఈల ఒకటి: గొంతు అరగంటలో పోతుంది, ఈల పోదు. ఆగి ఆగి మూడేసిసార్లు ఊదండి. వేయించిన పల్లీలు, బెల్లం, మరో పూటకు సరిపడా.

మందుల పొట్లంలో శుభ్రమైన గుడ్డ, దూది, బ్యాండేజీ, సబ్బు ముక్క, పారాసెటమాల్ బిళ్ళలు. బి.పి., షుగరు వున్నవారు ఒక్కపూటకు కాకుండా రెండు రోజుల మందులు పెట్టుకోవాలి. షుగరు మందు వేసుకుని ఆకలితో నడిస్తే కళ్ళు తిరుగుతాయి, ఒళ్ళు వణుకుతుంది. వెంటనే చక్కెర గాని బెల్లం గాని నోట్లో వేసుకోండి. ఇన్సులిన్‌ను ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో వుంచకండి. తడిగుడ్డ చుట్టిన డబ్బాలో వుంచండి.

తిరిగి వచ్చాక కూడా ఒక మాట గుర్తుంచుకోండి. వారం, రెండు వారాల తర్వాత చలిజ్వరం వస్తే డాక్టరుతో "అడవికి వెళ్ళొచ్చాం" అని చెప్పండి. మలేరియా కావచ్చు. చంకలోనో గజ్జల్లోనో నల్లని పెచ్చు కనబడితే అది పొదల్లోని సన్నపురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ కావచ్చు. రెండింటికీ మందులున్నాయి. ఆ ఒక్కమాట చెబితే రెండు రోజుల వెతుకులాట తప్పుతుంది.

చివరి వస్తువు సంచిలో పట్టదు. ఒక కాగితంమీద ఎక్కడికి వెళ్తున్నారో, ఏ దారిన వెళ్తున్నారో, ఎవరెవరు వెళ్తున్నారో, ఎన్ని గంటలకు తిరిగొస్తారో రాసి ఇంట్లో ఇచ్చి వెళ్ళండి. గోదావరి దాటి కవ్వాల్ వైపు వెళ్తే చాలాచోట్ల ఫోను పలకదు. ఇంట్లోవారు కూడా వినండి. ఆ గంట దాటితే "వస్తాడులే" అని తెల్లవారేదాకా కూర్చోకుండా 112కు ఫోన్ చేసి ఆ కాగితం చదివి వినిపించండి. వెతికేవాళ్ళకు ఎటు వెళ్ళాలో తెలిస్తే ఆ రాత్రే బయలుదేరతారు.