షుగర్ ఉందని రాయండి

మా నాన్నకు చాలా ఏళ్లుగా షుగర్. అమ్మా నాన్నా బీదర్ దగ్గర జనవాడలో ఉంటారు. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని పంచినప్పుడు బీదర్ ఇప్పటి కర్ణాటక వైపు వెళ్లింది గానీ మా ఇంట్లో మాట తెలుగే. పెద్ద జబ్బు చేస్తే ఇప్పటికీ హైదరాబాద్‌కే పరుగు.

నేనుండేది న్యూజెర్సీలో. నాకూ షుగర్ బయటపడింది కానీ బీమా గురించి బెంగ పడలేదు. 2010 నాటి ఆరోగ్య బీమా చట్టం పుణ్యమా అని, 2014 నుంచి ఇక్కడ ముందే ఉన్న జబ్బును చూపి ఆ చట్టం కిందికొచ్చే పాలసీని కాదనడానికి వీల్లేదు. ప్రీమియం పెంచడానికీ వీల్లేదు. పది కోట్ల మందికి పైగా షుగర్ ఉందని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో చెప్పిన మన దేశంలో మాత్రం, పాలసీ ఇవ్వడమా మానడమా అన్నది కంపెనీ చేతిలో ఉంది.

నాన్నకు పాలసీ తీసుకున్న రోజు వీడియో కాల్‌లో నేనూ ఉన్నాను. దరఖాస్తులో మధుమేహం గడి దగ్గర ఏజెంటు కుర్రాడు పెన్ను ఆపాడు. "లేదు అని పెట్టేద్దాం సార్. గోళీలే కదా, ఇన్సులిన్ కాదు కదా" అన్నాడు. నాన్న కళ్లద్దాలు సర్దుకుని, "రోజూ పొద్దున మెట్‌ఫార్మిన్ మింగుకుంట, లేదని సంతకం ఎట్ల పెట్టాలె బాబూ?" అన్నారు. నాకు ఆ మాట ఎంత నచ్చిందో చెప్పలేను.

ఎందుకంటే నిజం ఎటూ దాగదు. ఆస్పత్రిలో చేరగానే డ్యూటీ డాక్టరు అడిగే మొదటి ప్రశ్నల్లో షుగర్ ఒకటి. ఎన్నాళ్లుగా ఉందో మనమే చెబుతాం, ఆయన కేస్ షీట్‌లో రాస్తాడు. క్లెయిమ్‌తో పాటు ఆ కాగితమే కంపెనీకి వెళ్తుంది. అప్పుడు డబ్బు రాకపోవడమే కాదు, పాలసీయే రద్దు కావచ్చు.

నిజం రాస్తే రక్తపరీక్షలు చేయిస్తారు, ప్రీమియం కొంత పెంచుతారు. షుగర్, దాని వల్ల వచ్చే చిక్కులకు కొన్నాళ్లు ఆగమంటారు. ఈ ఆగే కాలం 2024 ఏప్రిల్ నుంచి మూడేళ్లు మించకూడదు, అంతకుముందు నాలుగేళ్లుండేది. కంపెనీలు అన్ని వయసుల వాళ్లకూ పాలసీలు అందించాలనీ అప్పుడే చెప్పారు. అయిదేళ్లు ఆపకుండా ప్రీమియం కడితే ఆ తర్వాత రుజువైన మోసం ఉంటే తప్ప, దాచారనే పేరుతో క్లెయిమ్ కొట్టేయకూడదు. కంపెనీ మారినా, ఆగిన కాలం లెక్కలోకి వస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా లేదు.

ఆ మూడేళ్ల లెక్క పాలసీ కొన్న రోజు నుంచే మొదలవుతుంది. నా బాధంతా ఇక్కడే. ఇక్కడి నుంచి మనం గ్లూకోమీటర్లు పంపుతాం, నెలనెలా డబ్బు పంపుతాం. పాలసీ మాట మాత్రం నాన్న కాలికి పుండు పడ్డాక, కిడ్నీ దెబ్బతిన్నాక గుర్తొస్తుంది. అప్పటికి కంపెనీలు మొహం చాటేస్తాయి. కొన్ని కంపెనీలు షుగర్‌కు మొదటి రోజు నుంచే వర్తించే పాలసీలూ అమ్ముతున్నాయి, ధర ఎక్కువ. వయసు మీరిన వాళ్లకు అవీ అడిగి చూడాలి.

అమ్మానాన్నలకు కలిపి ఒకే పాలసీ తీసుకుంటే పెద్దవారి వయసును బట్టే ప్రీమియం లెక్కగడతారు, ఉన్న మొత్తం ఒకరి చికిత్సకే అయిపోవచ్చు. అమ్మకు షుగర్ లేదు. అందుకే ఆమెకు విడిగా తీసుకున్నాం.