ప్రయోజనము లేని చదువు

నేడు మన గృహములలో నెవరైన నొక క్రొత్తభాష నేర్చుకొనుచున్నామని చెప్పినచో, వినువారు వెంటనే యడుగు ప్రశ్న యొకటి గలదు. "ఏ దేశమునకు పోవుచున్నారు?" అని. జర్మన్ భాష నేర్చువాడు జర్మనీలో చదువుటకో, ఉద్యోగమునకో నేర్చుచున్నాడని తలంతురు. జపానుభాష నేర్చువాడు జపానువారి కర్మాగారమునకై నేర్చుచున్నాడని తలంతురు. ఇంగ్లీషు సంగతి చెప్పనక్కఱయే లేదు. ఇట్లు తలంచుట తప్పని మే మనము. కోటివిద్యలును కూటికొఱకే యన్న సామెతను మనవారు ఊరక పుట్టింపలేదు. అయినను కూడు కుదిరిన పిమ్మట, ఆ కోటివిద్యలలో నొక్కటియైన కూటికొఱకు గాక యుండవచ్చునా కూడదా యనునదే యిప్పుడు మేము విచారింపబూనిన విషయము. పెరటిలో మల్లెతీగ నాటువానిని లాభమెంత యని యెవరు నడుగరు. వీణ నేర్చు బాలికను కచేరీలు చేసి ధన మార్జింతువా యని యందఱు నడుగరు. పరభాష నేర్చువారిని మాత్రము తప్పక యడుగుదురు.

ఈ ప్రశ్నకు మన దేశమున మఱియొక చరిత్ర గలదు. 1874వ సంవత్సరమున వీరేశలింగముగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిన కాలమునందు జనులు పలికిన పలుకు లెట్టివో మన మెఱుగుదుము. ఆడుదానికి చదువేల, ఉద్యోగము చేయవలెనా, ఊళ్లేలవలెనా యని యడిగిరి. సంస్కర్తలు దానికి ఓపికతో బదులు చెప్పిరి. చదివిన తల్లి బిడ్డలను చక్కగా పెంచును, ఇంటి లెక్కలు చూచుకొనును, మూఢాచారములకు లోబడదు అని ప్రయోజనములను లెక్కించి చూపిరి. ఆ సమాధానము కాలక్రమమున గెలిచినది. నేడు బాలికలు బడికి పోవుచున్నారు, ఉద్యోగములును చేయుచున్నారు. కాని ప్రశ్న మాత్రము చావలేదు. ప్రయోజనము చూపగలవారికే చదువు తగునను భావము లోపల నట్లే నిలిచియున్నది. కావుననే యేబదియేండ్లు దాటిన యిల్లాలు పుస్తకము పట్టినచో, "ఈ వయసున నెందులకు?" అని యింటివారే నవ్వుదురు.

మా సంగతి చెప్పెదము. మేము భార్యాభర్తలము, ఇరువురమును అఱువదింటికి చేరువైనవారము. మాలో నొకరు ముప్పదియేండ్లు కచేరీలో ఇంగ్లీషు దస్త్రములు వ్రాసి పింఛను పుచ్చుకొనుచున్నవారు. వేఱొకరు ఎనిమిదవ తరగతితో బడి మానినవారు. ఊరిలో ఉన్నత పాఠశాల లేదు; పొరుగూరికి ఆడపిల్ల పోనేల యని పెద్దలు తీర్మానించిరి. ఇట్టి మే మిరువురమును రెండేండ్లనుండి మలయ్ భాష నేర్చుకొనుచున్నాము. మా బంధువులలో ననేకులు దానిని మలయాళమని తలంచి, శబరిమలకు పోవుచున్నారా యని యడిగిరి. అది మలేషియా, ఇండొనీషియా దేశములవారి భాషయని చెప్పగా, అచ్చట మీ వారెవరున్నారనిరి. ఎవరును లేరంటిమి. వీసాకు పనికిరాని చదువు వీసమెత్తు విలువ చేయదని యొక చమత్కారి యనెను. మేమును నవ్వితిమి.

మేము దీని నారంభించుటకు కారణ మొక్క మాట. మలయ్ భాషలో 'చింత' యనగా ప్రేమ యని యొకనాడు పత్రికలో చదివితిమి. మనకు చింత దుఃఖము. వారి కదియే ప్రేమ! రెండును దూరమైనవి కావని ఆలుమగలైన వారి కెవరును చెప్పనక్కఱలేదు. ఆ నవ్వుతో నిఘంటువు తెప్పించితిమి.

తెఱచి చూడగా మనము పరిచయస్థుల వీధిలో నడచుచున్నట్లుండెను. ప్రతి గుమ్మమునను తెలిసిన ముఖమే, కాని వేషము వేఱు. మన సుఖము అచ్చట 'సుకా'యై 'ఇష్టపడుట' యను నర్థము నిచ్చుచున్నది. మన సంసారము 'సెంగ్‌సారా'యై కష్టములపాలగుటను దెల్పుచున్నది. నీడయైన ఛాయ 'చహయా'యై వెలుగైనది. సృగాలము, అనగా నక్క, 'సెరిగాలా'యై తోడేలైనది. ఆశ్రమము 'అస్రామా'యై విద్యార్థుల వసతిగృహమైనది. ఉపవాసము 'పువాసా'యై, రంజాను నెలలో ముసల్మానులు పట్టు ఉపవాసమునకు పేరైనది. మతము మాఱినను మాట మాఱలేదు. సుమత్రాదీవిలో పాలెంబాంగు నగరమునొద్ద 1920లో దొరకిన కెడుకాన్ బుకిత్ శాసనము క్రీ.శ. 683 నాటిది. ప్రాచీన మలయ్ భాషలో వ్రాయబడిన ఆ శాసనపు లిపి దక్షిణ హిందూదేశపు పల్లవలిపి సంతతిది. అంతకాలము క్రిందటనే మన మాటలు ఓడలెక్కి పోయి, అచ్చట కాపురములు పెట్టి, అచ్చటివారితో వియ్యమంది, క్రొత్త యర్థములను కనినవి. మాటలకు సముద్రయాన నిషేధము లేదు కాబోలు!

ఉచ్చారణయందు మాకు కలిగిన వినోదము వేఱు. మన యక్షరమాలలో ఙ, ఞ యను రెండక్షరములు గలవు. బాల్యమున పలకమీద దిద్ది, బెత్తపు దెబ్బలు తిని, పిదప జన్మలో మరల వానిని విడిగా వాడియెఱుగము. మలయ్ భాషలో వానికి చేతినిండ పని. దోమను 'ఞాముక్' అందురు. పాడుటను 'ఞాఞి' యందురు. నోరు తెఱచుటకు 'ఙాఙా' యని పేరు. అఱువదేండ్లకు ఆ యక్షరముల ఋణము తీర్చుకొంటిమి.

సంస్కృతమునుండి వచ్చిన మాటలకంటె వారి స్వంత మాటలు మమ్ము మఱింత ముగ్ధులను జేసినవి. 'మాతా' యనగా కన్ను, 'హారి' యనగా దినము. సూర్యుని 'మాతాహారి', పగటి కన్ను, అందురు. 'ఆయెర్' అనగా నీరు. 'ఆయెర్ మాతా' యనగా కన్నీరే. మాటలను త్రిప్పి 'మాతా ఆయెర్' అనిన నీటి కన్ను, అనగా ఊట యగును. తాళమును 'కుంచి' యనియు తాళపుచెవిని 'ఆనక్ కుంచి', అనగా తాళపు బిడ్డ, అనియు మలేషియావా రందురు. మన తాళమునకు చెవి యున్నది. వారి తాళమునకు బిడ్డ యున్నది. జన్మమంతయు కొంగున ముడివేసికొని తిరిగిన తాళపుచెవి పేరును మాలో నొకరు ఆనాడే తొలిసారి విన్నట్లు విని, "చెవి యని యేల యన్నారో!" యని యాశ్చర్యపడిరి. పరభాష మన కిచ్చు మొదటి బహుమానమిది. మన మాట మనకు మరల వినబడును.

వ్యాకరణమును గూర్చి యొకటి రెండు మాటలు చెప్పవలసియున్నది. 'ఆజార్' అను ధాతువునకు 'బెర్' చేరిన 'బెలాజార్', నేర్చుకొనుట, 'మెఙాజార్' అనిన నేర్పుట, 'పెలాజార్' విద్యార్థి, 'పెఙాజార్' బోధకుడు, 'పెలాజారన్' పాఠము. ఒక్క విత్తనమునుండి బడి యంతయు మొలచినది. క్రియకు లింగము లేదు, వచనము లేదు. అతడు, ఆమె యను భేదము లేక ఇరువురకును 'దియా' యను నొక్కటే సర్వనామము. ఇది చదివిననాడు మా యింట గొప్ప చర్చ జరిగినది. మన తెలుగున అతడు వచ్చుచున్నాడు, ఆమె వచ్చుచున్నది, ఆవును వచ్చుచున్నది. పురుషుడు వైయాకరణుల లెక్కలో మహత్తు. ఏకవచనమున స్త్రీ క్రియయు పశువు క్రియయు నొక్కటే. అఱువదేండ్లు మాటాడిన భాషలో నీ సంగతి మాకు తట్టనే లేదు. భాషలో లింగభేదము లేనంతమాత్రమున ఆ దేశమున స్త్రీలకు కష్టములు లేవని మేము చెప్పము. వ్యాకరణము వేఱు, సంఘము వేఱు. కాని మన కన్నులకు కనబడని దానిని చూపుటకు పరాయి దర్పణ మొకటి కావలసియుండును.

అట్లని వారియొద్ద లేనివన్నియు మనయొద్ద నున్నవని గాని, మనయొద్ద నున్నవి వారియొద్ద లేవని గాని తలంపరాదు. ఇంగ్లీషువాడు 'వుయ్' అనినపుడు ఎదుటివానిని కలుపుకొన్నాడో విడిచినాడో తెలియదు. తెలుగువాడు 'మేము' అనిన విడిచినట్లు, 'మనము' అనిన కలుపుకొన్నట్లు. ఈ సొగసు మలయ్ భాషలోను గలదు. విడిచినచో 'కామి', కలుపుకొన్నచో 'కితా'. ఆ రెండు మాటలు నేర్చిననాడు, ఎన్నడు నెఱుగని దేశమున మన యింటి ముగ్గు చూచినట్లు సంతోషించితిమి.

సంతోషమే గాదు, విచారమును గలదు. పందొమ్మిదవ శతాబ్దపు చివరను, ఇరువదవ శతాబ్దపు మొదటను, విశాఖపట్టణము, గోదావరి, చిత్తూరు ప్రాంతములనుండి తెలుగువారు మలయాదేశపు రబ్బరుతోటలకును కొబ్బరితోటలకును కూలికి పోయిరి. 1938లో భారత ప్రభుత్వము ఆ కూలీల వలసను నిషేధించినది. వారి సంతతి నేడును మలేషియాలో నున్నది. నిఘంటువులో స్వర్గము, ఆగమము, భాష యను మాటల నడుమ 'కులి' యను మాట కూడ కనబడినది. అంతకంటె నొప్పించినది 'కెలింగ్' అను మాట. అది మన కళింగదేశపు పేరునుండి పుట్టినది. ఒకప్పుడు ఆ తీరమునుండి వచ్చిన వర్తకులకు సామాన్యనామము. నేడు హిందూదేశీయులను తూలనాడు మాటగా మాఱి, సభ్యులు నోటబట్టని దైనది. గౌరవముగా బయలుదేఱిన పేరు ఎట్లు తిట్టగునో తెలిసినచో, మన వాడుకలో ఇతరుల కులముల పేర్లను, ఊళ్ల పేర్లను తిట్లుగా వాడు నోళ్లు కొంచెమైన సిగ్గుపడవలెను. వినోదమునకై నేర్చిన భాష యిట్టి పాఠమును గూడ చెప్పును.

ఇక నాక్షేపణలు. మాతృభాషనే సరిగా నెఱుగని వారికి పరభాష యేల యని కొందఱందురు. మా యనుభవమున పరభాషాభ్యాసము మాతృభాషాభిమానమును పెంచినదే గాని తగ్గింపలేదు. కాలము వ్యర్థమగునందురు. రాత్రి భోజనమైన పిదప అఱగంట కాలము మాది. దూరదర్శనమునకును, చేతిఫోనునకును మన మిచ్చు కాలముతో పోల్చిన నదియెంత? వీనివలన లోకమునకేమి లాభమందురు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నున్న గిడుగు రామమూర్తిగారు కొండలయందలి సవరల భాషను నేర్చినపుడు దాని నెవరును కోరలేదు. ఏ పరీక్షయు దానికి లేదు. సవరను ఇంట నుంచుకొని యాతనివలన నేర్చిరి. పిదప ఆ భాషకు వ్యాకరణమును నిఘంటువును పుట్టినవి. సవర బిడ్డలకు వారి భాషలో చదువు నేర్పుట సాధ్యమైనది. మే మట్టివారము గాము. అట్టి ఫలమును ఆశింపము. కాని ఫలము ముందు చూపినగాని విత్తనము నాటనన్నవానికి అట్టి చెట్టు దొరకదు.

భయమున నేర్చిన భాషకును ప్రియమున నేర్చిన భాషకును భేదము మాలో నొకరు బాగుగ నెఱుగుదురు. ఆయన ఇంగ్లీషు బెత్తమువలన నేర్చెను, పై యధికారి కోపమువలన దిద్దుకొనెను. నేటికిని ఇంగ్లీషున మాటాడునపుడు ఆయన వీపు నిటారుగ నగును. మలయ్ పలుకునపుడు నవ్వును. రెండవవారు ఆయనకంటె ముందుగా నడచుచున్నారు. జ్ఞాపకశక్తి తరగతుల సంఖ్యనుబట్టి యుండదని మా యింట ఋజువైనది. 'సాంగ్ కంచిల్' అను చిన్ని జింక మొసళ్లను వరుసగా నిలిపి, రాజాజ్ఞచే లెక్కించుచున్నానని నమ్మించి, వాని వీపులమీదుగా నేరు దాటిన కథను ఆమె మూలముననే చదివి మనుమరాలికి చెప్పుచుండును. లెక్క తప్పినచో ఆ పిల్ల దిద్దును.

చదువరులారా, మీ గృహములలో నెవరికైన నే భాషపైనైన మనసున్నచో, నెందులకని యడుగకుడు. పర్షియను కావచ్చును, ఇటాలియను కావచ్చును, పొరుగున నున్న ఒరియా కావచ్చును. పరీక్ష పెట్టకుడు, పోటీ పెట్టకుడు. ఇంటిలో తక్కువ చదివినవారిచేత పాఠము చెప్పింపుడు. బడి వారికి బాకీపడిన గౌరవము కొంత తీఱును. దినమునకు పది మాటలు చాలును. తప్పు పలికినపుడు నవ్వుట మంచిది, వెక్కిరించుట మంచిది కాదు.

మలయ్ దేశమున నొకరినొకరు చూచినపుడు, మనవలెనే, భోజనమైనదా యని కుశలమడుగుట వాడుక. కానిచో 'లేదు' అని చెప్పరు. 'బెలుమ్' అందురు. ఇంకను కాలేదు, కానున్నదని దాని భావము. పెండ్లియైనదా యన్నను, పుస్తకము చదివితివా యన్నను ఆ మాటయే. మాలో నొకరిని నలువదియేండ్లుగా నందఱును "చదువుకొన్నావా?" యని యడుగుచు వచ్చిరి. ఆమె "లేదు" అని తల వంచుచు వచ్చెను. ఇప్పు డెవరైన నడిగినచో "బెలుమ్" అనుచున్నది. వారికి బోధపడదు. అడిగినచో వివరించి చెప్పును.